కొన్న సినిమా ఎక్కడుంది?

2022 మే 20న ‘ఆర్ఆర్ఆర్’ ఓటీటీలోకి వచ్చింది. తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం జీ5లో, హిందీ నెట్‌ఫ్లిక్స్‌లో. సినిమా ఒకటే. కానీ అందులోని భీమ్ పాత్ర తెలుగులో మాట్లాడాలంటే ఒక చందా, హిందీలో మాట్లాడాలంటే ఇంకో చందా. నెట్‌ఫ్లిక్స్ ఒక్కటే ఉన్న తెలుగు ఇంట్లో తెలుగు సినిమాను హిందీలో చూడాల్సి వచ్చింది. ఇందులో ఎవరి తప్పూ లేదు, హక్కులు భాషలవారీగా అమ్ముడుపోయాయి. కానీ సినిమా అంటే ప్రాణం పెట్టే ఇంట్లో ‘అది మన దగ్గర ఉందా?’ అని ఎవరైనా అడిగితే సూటిగా జవాబు చెప్పడం ఎంత కష్టమైపోయిందో ఈ ఒక్క సినిమా చాలు చూపించడానికి.

డాలస్‌లోనో ఎడిసన్‌లోనో స్థిరపడిన తెలుగు కుటుంబాన్ని తీసుకోండి. నాలుగైదు ఓటీటీ చందాలుంటాయి. పిల్లల కోసం ఆపిల్ ఖాతాలో కొన్న డిస్నీ, పిక్సార్ సినిమాలుంటాయి. యూట్యూబ్‌లో కొన్నవి రెండు మూడు, బ్లూ-రే డబ్బాలో దొరికిన చీటీ మీది కోడ్ కొట్టి తెచ్చుకున్నవి కొన్ని. అమ్మానాన్నలు ఊరినుంచి తెచ్చిన వీసీడీలు, ఇండియన్ స్టోర్లో కొన్న డీవీడీలు ఒక అట్టపెట్టెలో. ఏ సినిమా ఏ ఖాతాలో ఉందో భార్యాభర్తలిద్దరిలో ఒకరికే తెలుసు, ఆ ఒకరికీ అన్నీ గుర్తుండవు. కొన్న సినిమానే మళ్లీ ఇంకో యాప్‌లో కొనేయడం ఇలాంటి ఇళ్లలోనే జరుగుతుంది.

వీటన్నిటినీ ఒక దారికి తేవడం సాధ్యమే. చాలామంది ముందు ఒక మంచి యాప్ ఏదని వెతుకుతారు. ముందు కావలసింది పట్టిక, యాప్ తర్వాత. యాప్‌లూ అంగళ్లూ వస్తాయి, పోతాయి, పేర్లు మార్చుకుంటాయి. ఏ సినిమా, ఏ భాషలో, ఏ వెర్షన్, ఎవరి ఖాతాలో ఉందో రాసిపెట్టుకున్న పట్టిక ఒక్కటే పూర్తిగా మనది. మిగతావన్నీ ఆ పట్టిక చెప్పినట్టు నడవాలి.

చందాతో చూసే సినిమాలను ఆ పట్టికలోకి రానివ్వకూడదు. ఓటీటీలకు సినిమా హక్కులు గడువు మీద వస్తాయి, గడువు తీరితే సినిమా వెళ్లిపోతుంది లేదా ఇంకో సర్వీసుకు మారుతుంది. సర్వీసులే ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, 2025 ఫిబ్రవరిలో హాట్‌స్టార్, జియో సినిమా కలిసి జియోహాట్‌స్టార్ అయినట్టు. ఇవాళ ఏ సినిమా ఎక్కడ ఆడుతుందో చూడాలంటే జస్ట్‌వాచ్ లాంటి సైటులో దేశం పేరు ఎంచుకుని వెతికితే సరిపోతుంది. అంతకు మించి దానిమీద శ్రమ పెట్టడం దండగ.

కొన్న సినిమాల సంగతి వేరు, ఓపిగ్గా చూడాల్సింది ఇక్కడే. ఆపిల్‌లోనో అమెజాన్‌లోనో పది, పదిహేను డాలర్లు పెట్టి సినిమా కొన్నప్పుడు మనకు దక్కేది లైసెన్సు. ఆ సంస్థ యాప్‌లో, ఆ ఖాతాతో, వాళ్లు పెట్టిన షరతులకు లోబడి చూసుకునే అనుమతి. కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం ప్రకారం ఈ సంగతి కొనేవాడికి స్పష్టంగా చెప్పాలి. చట్టం తేవాల్సి వచ్చిందంటే దాని వెనక పదేళ్ల అనుభవం ఉంది.

2011లో హాలీవుడ్ స్టూడియోలు, కొన్ని కంపెనీలు కలిసి అల్ట్రావయొలెట్ అనే ఏర్పాటు పెట్టాయి. డిస్కు కొంటే కోడ్ వస్తుంది, ఆ కోడ్‌తో సినిమా ఆన్‌లైన్ లాకర్లో చేరుతుంది, ఏ అంగడి యాప్‌లోనైనా చూసుకోవచ్చు అన్నది ఆలోచన. 2019 జూలై 31న దాన్ని మూసేశారు. లాకర్ను ముందే వుడు లాంటి అంగడి ఖాతాకు కలిపి ఉంచుకున్నవాళ్ల సినిమాలు చాలావరకు నిలిచాయి. ఆ వుడు కూడా వాల్‌మార్ట్ చేతినుంచి 2020లో ఫాండాంగోకి వెళ్లి, 2024లో ఫాండాంగో ఎట్ హోమ్ అని పేరు మార్చుకుంది. ప్లేస్టేషన్ స్టోర్ 2021 ఆగస్టు చివర సినిమాలు అమ్మడం మానేసింది. మరుసటి ఏడాది జర్మనీలో ప్లేస్టేషన్ వినియోగదారులు డబ్బిచ్చి కొనుక్కున్న స్టూడియోకెనాల్ సినిమాలు మూడు వందలకు పైగా వాళ్ల లైబ్రరీల్లోంచి పోయాయి. 2025 జూలైలో మైక్రోసాఫ్ట్ కూడా సినిమాల అమ్మకం ఆపేసింది. అప్పటికే కొన్నవాళ్లు ఎక్స్‌బాక్స్‌లో, విండోస్‌లో చూసుకోవచ్చని చెప్పింది.

మైక్రోసాఫ్ట్‌లో కొన్న అమెరికా వాసులకు ఇంకో దారి కూడా మిగిలింది. దాని పేరు మూవీస్ ఎనీవేర్. డిస్నీ 2014లో తన సినిమాల కోసం మొదలుపెట్టినదాన్ని 2017 అక్టోబరులో డిస్నీ, యూనివర్సల్, వార్నర్ బ్రదర్స్, సోనీ, అప్పటికి విడిగా ఉన్న ఫాక్స్ కలిసి పెద్దది చేశాయి. ఇది సినిమాలు అమ్మదు. మీ ఆపిల్, అమెజాన్, ఫాండాంగో ఖాతాలను కలుపుతుంది, అంతే. ఒకసారి కలిపితే ఆపిల్‌లో కొన్న పిక్సార్ సినిమా అమెజాన్‌లోనూ కనిపిస్తుంది. ఒక అంగడి మూతపడినా సినిమా ఇంకో అంగట్లో నిలిచి ఉంటుంది. అమెరికాలో ఉంటూ డిజిటల్‌గా సినిమాలు కొనేవాళ్లు ఇంకా ఈ ఖాతా తెరవకపోతే వెంటనే తెరవాలని చెప్తాను. ఖర్చేమీ లేదు.

దానికి హద్దులున్నాయి, వాటినీ తెలుసుకోవాలి. పారమౌంట్, లయన్స్‌గేట్ ఇందులో లేవు. ఆ స్టూడియోల సినిమాలు ఎక్కడ కొంటే అక్కడే ఉండిపోతాయి. టీవీ సిరీస్‌లు రావు. అమెరికా బయట ఇది పనిచేయదు. మన నిర్మాణ సంస్థలు మూవీస్ ఎనీవేర్‌లో లేవు కాబట్టి యూట్యూబ్‌లో కొన్న తెలుగు సినిమా యూట్యూబ్‌లోనే ఉంటుంది. అందుకే తెలుగు సినిమాలు డిజిటల్‌గా కొనేటప్పుడు ఒకే అంగడికి కట్టుబడి ఉండటం మేలు. రెండు మూడు చోట్ల చెదిరితే వాటిని కలిపే మార్గం లేదు.

దేశం మారేవాళ్లు ఇంకా జాగ్రత్తపడాలి. ఈ అంగళ్లన్నీ ఖాతాను ఒక దేశానికి కడతాయి. 2018లో ఆస్ట్రేలియా నుంచి కెనడా మారిన ఒక వ్యక్తికి తను కొన్న సినిమాలు ఐట్యూన్స్‌లో కనబడకపోవడం పెద్ద చర్చ అయింది. కెనడా అంగట్లో ఆస్ట్రేలియా వెర్షన్లు లేకపోవడమే కారణం. బెంగళూరు నుంచి సియాటిల్‌కో, సియాటిల్ నుంచి తిరిగి హైదరాబాద్‌కో మారే తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. ఖాతా దేశం మార్చే ముందే కొన్నవాటిలో వీలైనవన్నీ కంప్యూటర్లోకి డౌన్‌లోడ్ చేసుకోవాలి. అలా దించుకున్న ఫైలుకు కూడా తాళం ఉంటుంది, ఆ సంస్థ ప్లేయర్లో తప్ప ఆడదు. అయినా అంగడి జాబితాలోంచి సినిమా తీసేసినప్పుడు ఆ ఫైలే దిక్కు.

ఇప్పుడు పట్టిక. గూగుల్ షీట్ అయినా, ఎక్సెల్ అయినా, ఎర్ర అట్ట నోటుబుక్ అయినా ఒకటే. సినిమా పేరు, సంవత్సరం, భాష, వెర్షన్, ఎక్కడుంది, ఎవరి ఈమెయిల్ ఖాతా, నాణ్యత. ఇవి చాలు. భాషకు ప్రత్యేకంగా ఒక గడి ఎందుకంటే, మన దగ్గర ఒకే సినిమా నాలుగు భాషల్లో వస్తుంది, కొన్నచోట ఏ భాష ఆడియో వచ్చిందో కొన్నాకే తెలుస్తుంది. ఒకసారి ప్లే చేసి చూసి రాసుకుంటే మళ్లీ తిప్పలు ఉండవు. ‘ఎక్కడుంది’ అన్న గడిలో ఒక్క మాట సరిపోదు. మూవీస్ ఎనీవేర్‌లో కలిసిన సినిమా అయితే ఆ సంగతి, డిస్కు అయితే ఏ పెట్టెలో ఉందో, ఫైలు అయితే ఏ హార్డ్‌డిస్కులో ఉందో రాయాలి. పాత కొనుగోళ్లు గుర్తు రాకపోతే ఈమెయిల్‌లో ఆ అంగడి పేరు కొట్టి రసీదులు వెతకండి, ఏళ్ల నాటివి కూడా బయటపడతాయి.

పట్టిక పూర్తయ్యేసరికి ఏవి కొరతగా ఉన్నాయో వాటంతటవే కనిపిస్తాయి. తెలుగు ఇళ్లలో చాలావరకు ఆ కొరత పాత సినిమాల దగ్గరే. మా తరానికి ఇష్టమైన పాత సినిమాలు ఎన్నో సరైన నాణ్యతతో ఏ అంగట్లోనూ దొరకవు. ఉన్నది ఆ అట్టపెట్టెలోని డిస్కుల్లోనే. కాబట్టి ఆ పెట్టెను తేలిగ్గా చూడొద్దు.

అందులో ముందుగా అందుకోవలసింది వీసీడీలను. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మిన రోజుల్లో మన ఇళ్లలో అవి కుప్పలుగా చేరాయి. వాటికిప్పుడు వయసు మీదపడింది. లోపలి మెరుపు పొర పాడవుతుంది, లేబుల్ వైపు గీత పడినా డేటా పోతుంది. కొత్త ల్యాప్‌టాప్‌లకు డిస్కు పెట్టే చోటే లేదు, యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ ఒకటి కొనుక్కోవాలి. వీసీడీని కంప్యూటర్లో తెరిస్తే ఎంపెగ్‌ఏవీ అనే ఫోల్డర్ కనిపిస్తుంది. అందులో డీఏటీ అనే తోకతో పెద్ద ఫైలు ఉంటుంది. సినిమా అంటే అదే. వీసీడీకి కాపీ తాళం లేదు, ఆ ఫైలును నేరుగా హార్డ్‌డిస్కులోకి లాగితే వస్తుంది. లోపల ఉన్నది ఎంపెగ్-1 వీడియో, వీఎల్‌సీ ప్లేయర్లో వెంటనే ఆడుతుంది. నిమిషానికి సుమారు 10 ఎంబీ, మూడు గంటల సినిమా 2 జీబీ లోపే. 352 బై 288 చుక్కల బొమ్మ పెద్ద టీవీ మీద మసకగానే ఉంటుంది. దాన్ని సాఫ్ట్‌వేర్‌తో సాగదీసి, పదును పెట్టి దాచుకునే ప్రయత్నం చేయొద్దని నా సలహా. అసలు ఫైలును అలాగే ఉంచండి. మెరుగులు తర్వాత ఎప్పుడైనా దిద్దుకోవచ్చు, పోయిన అసలు మాత్రం తిరిగి రాదు.

డీవీడీ, బ్లూ-రేల దగ్గర చట్టం అడ్డొస్తుంది. అమెరికాలో 1998 నాటి డీఎంసీఏ ప్రకారం డిస్కు తాళం విప్పడమే చట్టవిరుద్ధం, ఆ డిస్కు సొంతంగా కొన్నదైనా సరే. ఇంటి వాడకానికి కాపీ చేసుకునే మినహాయింపు ఇవ్వాలని పలుమార్లు అడిగినా అక్కడి కాపీరైట్ ఆఫీసు ఒప్పుకోలేదు. భారత కాపీరైట్ చట్టంలో 2012 సవరణతో వచ్చిన 65ఎ సెక్షన్ హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం విప్పడాన్ని శిక్షిస్తుంది. ఉద్దేశం అన్న షరతు అందులో ఉండటం ముఖ్యమైన తేడా. ఎవరు ఏ దేశంలో ఉంటే ఆ దేశపు చట్టం చదివి నిర్ణయించుకోవాలి. తాళం లేని డీవీడీలు, పెళ్లి వీడియోలు, మన చేత్తో తీసిన క్యాసెట్ల కాపీలు అయితే ఏ చిక్కూ లేదు. డీవీడీ వీడియోలో మనుషులు కదిలినప్పుడు అంచుల్లో దువ్వెన పళ్లలా అడ్డగీతలు కనిపిస్తే అది ఇంటర్‌లేస్ చేసిన బొమ్మ. హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్పిడి సాఫ్ట్‌వేర్‌లో మార్చేటప్పుడు డీఇంటర్‌లేస్ ఆన్ చేస్తే పోతుంది. కానీ ఇక్కడా అసలు ఫైలును దాచిన తర్వాతే.

ఫైళ్లు చేతికొచ్చాక వాటికి పేర్లు పెట్టడం దగ్గర కాస్త నిదానించాలి. ‘దేవదాసు’నే తీసుకోండి. 1953లో అక్కినేనిది ఉంది, 1974లో కృష్ణది ఉంది, 2006లో రామ్‌ది ఉంది. ఫోల్డర్ మీద వట్టి ‘దేవదాసు’ అని రాస్తే సినిమాలను పోస్టర్లతో వరుసగా చూపించే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ అక్కినేని సినిమాకు రామ్ పోస్టర్ తగిలించగలదు. ‘తొలిప్రేమ’ 1998లోనూ 2018లోనూ ఉంది, ‘ఖుషి’ 2001లోనూ 2023లోనూ ఉంది. కాబట్టి ప్రతి సినిమాకూ ఒక ఫోల్డర్, ఫోల్డర్ పేరు పక్కన బ్రాకెట్లో సంవత్సరం: దేవదాసు (1953). లోపలి ఫైలుకూ అదే పేరు. వీసీడీ రెండు మూడు భాగాలుగా ఉంటే చివర ‘సీడీ1’, ‘సీడీ2’ అని ఇంగ్లీషులో చేర్చితే సాఫ్ట్‌వేర్ వాటిని ఒకే సినిమాగా కలిపి ఆడిస్తుంది. సబ్‌టైటిల్ ఫైలుకు సినిమా పేరే పెట్టి చివర భాష కోడ్ తగిలించాలి.

వెర్షన్ల సంగతి మన సినిమాలకు మరీ ముఖ్యం. ‘మాయాబజార్’ 1957 మార్చిలో నలుపు తెలుపుల్లో విడుదలైంది. 2010 జనవరి 30న రంగులద్ది, డీటీఎస్ శబ్దంతో మళ్లీ విడుదల చేశారు. మా ఇంట్లో పెద్దలకు నలుపు తెలుపే కావాలి, పిల్లలు రంగులదే చూస్తారు. రెండూ ఉంచుకోవాలి, ఒకటి ఉందని రెండోదాన్ని తీసేయకూడదు. జెల్లీఫిన్ అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌లో రెండు ఫైళ్లనూ ఒకే ఫోల్డర్లో ఉంచి, పేరు చివర ఒక చిన్న గీత పెట్టి ఒకదానికి ‘రంగులు’, ఇంకోదానికి ‘నలుపు తెలుపు’ అని రాస్తే తెరమీద ఒకే పోస్టర్ కనిపిస్తుంది. దాని కింద వెర్షన్ ఎంచుకోవచ్చు.

ఇలాంటి లైబ్రరీ సాఫ్ట్‌వేర్లలో జెల్లీఫిన్, ప్లెక్స్, కోడి అని మూడు పేర్లు తరచూ వినిపిస్తాయి. ఒకే టీవీ, దానికి తగిలించిన ఒక పెట్టె ఉంటే కోడి సరిపోతుంది. ఇంట్లో ఎక్కడినుంచైనా, ఫోన్లోనూ చూడాలంటే సర్వర్ కావాలి. అప్పుడు ప్లెక్స్ లేదా జెల్లీఫిన్. ప్లెక్స్ పెట్టడం తేలిక, టీవీ యాప్‌లు బాగుంటాయి. కానీ అదొక కంపెనీ. 2025 ఏప్రిల్లో జీవితకాల చందాను 119.99 డాలర్ల నుంచి 249.99 డాలర్లకు పెంచింది, ఇంటి బయటినుంచి సొంత ఫైళ్లు చూసుకోవడానికీ డబ్బు అడగడం మొదలుపెట్టింది. 2018 డిసెంబరులో ఎంబీ అనే సాఫ్ట్‌వేర్ తన మూలకోడ్‌ను మూసేసినప్పుడు కొందరు విడిపోయి కట్టుకున్నది జెల్లీఫిన్, పూర్తిగా ఉచితం. పెట్టుకోవడానికి ఒక ఆదివారం పడుతుంది. ఇంతసేపూ అంగళ్ల మీద ఆధారపడొద్దని చెప్తూ వచ్చాను కాబట్టి నా ఓటు జెల్లీఫిన్‌కే.

ఎప్పుడూ ఆన్‌లో ఉండే చిన్న కంప్యూటర్ ఏదైనా సర్వర్‌గా పనికొస్తుంది. ఒక్క విషయం చూసుకోవాలి. టీవీకి అర్థమయ్యే ఫార్మాట్‌లో ఫైలు ఉంటే సర్వర్ దాన్ని ఉన్నదున్నట్టు పంపుతుంది, పాత కంప్యూటరైనా చాలు. అర్థం కాని ఫార్మాట్ అయితే అప్పటికప్పుడు మార్చి పంపాలి, దాన్నే ట్రాన్స్‌కోడింగ్ అంటారు. వీసీడీ ఎంపెగ్-1కి అది చిన్న పని. 4కె ఫైలుకు మాత్రం మంచి గ్రాఫిక్స్ చిప్ లేకపోతే బొమ్మ ఆగి ఆగి వస్తుంది.

పోస్టర్లూ, నటుల పేర్లూ, కథా సారాంశాలూ ఇవన్నీ సాఫ్ట్‌వేర్‌కు టీఎండీబీ అనే డేటాబేస్ నుంచి వస్తాయి. లైబ్రరీ సెట్టింగుల్లో మెటాడేటా భాషను తెలుగుకు మారిస్తే పేర్లు తెలుగులో కనిపిస్తాయి. అయితే అక్కడ ఎవరైనా రాసి ఉంటేనే. పాత తెలుగు సినిమాలకు చాలాచోట్ల ఖాళీలే. ‘మాయాబజార్’ పేరునే ఇంగ్లీషు అక్షరాల్లో ఒకరు ఒక మాటగా, ఇంకొకరు రెండు మాటలుగా రాస్తారు. ఆ డేటాబేస్‌లో ఎవరైనా ఖాతా తెరిచి తప్పులు దిద్దవచ్చు, తెలుగు సారాంశం చేర్చవచ్చు. సినిమా లైబ్రరీ కట్టుకునే ప్రతి తెలుగువాడూ తన దగ్గరున్న సినిమాలకైనా నాలుగు వాక్యాలు రాయాలని నా కోరిక. ఒకరు రాస్తే మెల్‌బోర్న్‌లో ఉన్న ఇంకొకరి టీవీ మీద కూడా అది తెలుగులో కనబడుతుంది. పాత సినిమాలు ఇష్టపడే మనమే ఈ పని చేయకపోతే చేసేవాళ్లు వేరే లేరు.

హార్డ్‌డిస్కులు చెడిపోతాయి, చెప్పి చెడిపోవు. 4 టీబీ డిస్కులో నిండు డీవీడీలు నాలుగు వందలకు పైగా పడతాయి, అంటే ఒక్క పాడు డిస్కుతో అన్నీ పోతాయి. మూడు కాపీలు, రెండు రకాల పరికరాల మీద, ఒకటి ఇంటి బయట అన్నది ఈ రంగంలో అందరూ చెప్పే సూత్రం. ఇంట్లో సినిమాలకు రెండు డిస్కులైనా ఉండాలి. ఒకటి సర్వర్లో, ఇంకొకటి ఏడాదికోసారి తాజా చేసి అన్నయ్య ఇంట్లోనో ఊళ్లో అమ్మానాన్నల దగ్గరో పెట్టినది. పట్టిక కాపీ కూడా ఆ డిస్కులోనే ఉండాలి.

చివరగా వారసత్వం మాట. 2021 డిసెంబరులో ఐఓఎస్ 15.2తో ఆపిల్ లెగసీ కాంటాక్ట్ అనే ఏర్పాటు తెచ్చింది. మన తర్వాత మనం ఎంచుకున్న మనిషికి మన ఫోటోలు, ఫైళ్లు, నోట్స్ అందుతాయి. కొన్న సినిమాలు, పాటలు, పుస్తకాలు మాత్రం అందవు, వాటి లైసెన్సు మనతోనే పోతుంది. డిస్కుకు ఆ బాధ లేదు, పిల్లలకు ఇవ్వచ్చు, స్నేహితులకు ఇవ్వచ్చు. డిస్కులు దొరకడమే తగ్గిపోతోంది. నెట్‌ఫ్లిక్స్ డీవీడీలు పంపడం 2023 సెప్టెంబరులో ఆపింది, బెస్ట్ బై దుకాణాలు 2024లో డిస్కుల అమ్మకం మానేశాయి, ఎల్‌జీ బ్లూ-రే ప్లేయర్ల తయారీ ఆపింది. అందుకే కొనేటప్పుడు నేను పాటించే పద్ధతి ఇది: పిల్లలకు తప్పకుండా అందాలనుకున్న సినిమా డిస్కు మీద దొరికితే ధర ఎక్కువైనా డిస్కే కొంటాను, హాలీవుడ్‌దైతే మూవీస్ ఎనీవేర్ కోడ్ ఉన్న డబ్బా చూసుకుని తీసుకుంటాను. ఒకసారి చూసి వదిలేసేవాటిని అద్దెకు తీసుకుంటాను. డిజిటల్‌గా మాత్రమే దొరికేవాటిని కొంటాను, కొన్నరోజే పట్టికలో ‘నా తర్వాత ఉండదు’ అని ఒక గుర్తు పెడతాను, ఎప్పటికైనా దాని డిస్కు వస్తుందేమో చూసుకోవడానికి.